బోనయ్య బోణీ

పోయిన వారం శ్రావణిని గోపాల్ మామ ముందు నిలబెట్టి, నోట మాట రాని స్థితిలో వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది పిల్ల. మీలో కొందరు ఆమెను తిట్టుకున్నారని నాకు తెలుసు. కన్నతండ్రిని అంత మాట అంటుందా అని. తిట్టుకోండి, నేను అడ్డురాను. ఈ వారం చదవడం అయ్యేసరికి ఇంకా తిట్టాలనిపిస్తుందో, పిలిచి ఇంత అన్నం పెట్టాలనిపిస్తుందో మాత్రం చెప్పలేను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వరంగల్ చౌరస్తా దగ్గర కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం శ్యాంసుందర్‌ది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు అమ్ముకుంటూ బతికిన మనిషి. ఆయన ఒక్కగానొక్క కూతురు శ్రావణి అవే జంపఖానాలను వెబ్‌సైట్‌లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. చేత్తో తడిమి చూడకుండా జంపఖానా ఎవడు కొంటాడని తండ్రి ఎకసెక్కం చేశాడు. మాటా మాటా పెరిగింది. "పొద్దుందాక కూసున్నా నీ దుకాణంల బోణీ అయితలేదు, నా దుకాణం మీద పడి ఏడుస్తవెందుకు" అనేసింది శ్రావణి. బోణీ కాలేదన్న మాట వ్యాపారం చేసే ఇంట్లో శత్రువు కూడా అనడు. అంతే. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. ఒక ఇంట్లోనే ఉంటూ, ఒక కుండలో అన్నమే తింటూ, ఏదైనా చెప్పాల్సి వస్తే తల్లి కళావతితో చెప్పించుకునేవారు.

ఆ మౌనం తీరకముందే ఆయన పోయాడు. ఒకరోజు పొద్దున్నే, దుకాణం తెరవాల్సిన మనిషి స్కూటర్ వేసుకుని ఖిలా వరంగల్ వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. అక్కడ గుండె పట్టుకుని కూలబడితే ఎవరో ఆటోలో వేసుకొచ్చి దవాఖానలో చేర్చారు. ఇంటివాళ్ళు వెళ్ళేసరికి మనిషి లేడు. ఆయన ఫోన్ కూడా లేదు. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. అది ఎవరి చేతిలో పడిందో నేటికీ ఆచూకీ లేదు.

ఇక పోయిన వారం గోపాల్ మామ అన్నది ఇది. ఆయన కళావతికి తమ్ముడు. చెడ్డవాడు కాదు, తొందరెక్కువ.

"పెద్దకర్మ గూడ అయిపాయె. దుకాణం ఎన్ని దినాలు మూసి పెడ్తరు? సెల్‌ఫోన్ల దుకాణం పెట్టేటోడు కిరాయికి అడుగుతాండు. నీ వెబ్‌సైట్ తోని నడుపుకుంట అంటానవ్ గదా బిడ్డా, బుధవారం పొద్దుగాల వస్త. అప్పటి వరకు ఒక్క ఆర్డర్ వచ్చిందని చూపియ్యి, మళ్ళ తాళాల మాట ఎత్తను. రాకపోతే నువ్వు మాట్లాడొద్దు, తాళాలు నా చేతుల పెట్టాలె."

ఒక్క ఆర్డర్. నిన్నమొన్నటి దాకా రోజూ వచ్చేవి. బాపు పోయినప్పటి నుంచీ ఒక్కటి కూడా రాలేదు. సైట్ తెరుచుకుంటోంది, బొమ్మలు కనబడుతున్నాయి, ఆర్డర్ మాత్రం లేదు. తాళాలు పోతే బాపు కూర్చునే గద్దె పోతుంది, ఆయన గోడకు వేసుకున్న దేవుడి పటాలు పోతాయి, ఆయనకు చెప్పకుండా మిగిలిపోయిన మాట చెప్పుకోవడానికి శ్రావణికి ఒక చోటంటూ ఉండదు. ఆమె భయమంతా అది. మామకు కిరాయి కనబడుతోంది, ఆమెకు గద్దె కనబడుతోంది.

ఆ బుధవారం ఇవాళే.

తెల్లవారి ఎండ ఇంకా మెట్ల మీదికి రాకముందే దీప్తి వచ్చింది. శ్రావణితో కలిసి చదువుకున్న పిల్ల. హన్మకొండలో ఇంట్లో కూర్చుని నలుగురి వెబ్‌సైట్లు బాగుచేస్తుంది. చెడిపోయిన మిక్సీని చూసినట్టు చూస్తుంది వాటిని. కోపం ఉండదు, కంగారు ఉండదు. జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. నిన్న సాయంత్రం కూడా వచ్చి పెద్ద పెద్ద ఫోటోలన్నీ చిన్నవి చేసి వెళ్ళింది. అవి అంత బరువుండబట్టి పేజీ తెరుచుకునేలోపు కొనేవాడికి విసుగు పుడుతోందని. దానివల్ల పేజీ వేగం పెరిగింది, ఆర్డర్ మాత్రం రాలేదు.

"మెయిల్స్ స్పామ్‌ల పడుతున్నయేమో చూసినవా?"

"చూసిన. ఏం లేవు."

"సరే. ఒక ఆర్డర్ నేనే పెట్టి చూస్త. నా ఫోన్ కెల్లి." దీప్తి ఒక చిన్న జంపఖానా ఎంచుకుని ఫోన్‌లోనే డబ్బు కట్టేసింది.

శ్రావణి ఫోన్‌లో గంట మోగింది. ఉత్త గంట కాదది. మాటలు పోకముందు, బాపు దుకాణంలో పొద్దున హారతి ఇస్తూ వాయించే గంటను శ్రావణి రికార్డు చేసి పెట్టుకుంది. ఆర్డర్ వస్తే అదే మోగుతుంది. ఇన్నాళ్ళకు ఆ చప్పుడు వినబడేసరికి వంటింట్లో మెంతికూర తెంపుతున్న కళావతి చేతిలో కట్టతోనే బయటికి వచ్చేసింది.

"వచ్చిందా బిడ్డా?"

"లేదమ్మా. దీప్తి ఉత్తగ పెట్టి చూసింది."

కళావతి కట్ట పట్టుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆ గంట విని ఆమె దేని కోసం పరుగెత్తి వచ్చిందో శ్రావణికి తెలుసు.

"ఆర్డర్ మంచిగనే పోతాంది మరి," అంది దీప్తి గడ్డం గీరుకుంటూ. "నేను ఎవ్వలదాని దగ్గరికి పోయినా ముందుగాల ఒక్కటే అడుగుత. ఆఖరికి ఎప్పుడు మంచిగ నడిచింది? దాని తర్వాత ఏం మారింది?"

శ్రావణి ఆమె మొహంలోకి చూసింది.

"బాపు పోయిండు."

దీప్తి చెయ్యి చాచి స్నేహితురాలి మోకాలి మీద వేసింది. "అది కాదే. సైట్‌ల ఏం మారిందంటాన. నువ్వు ఏమన్న కొత్తది పెట్టినవా, ఏమన్న ఒత్తినవా?"

శ్రావణి ఆలోచించింది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఒకణ్ణి ఆపిన. బోనయ్య అని."

ఈ బోనయ్య సంగతి మీకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పాల్సిన వేళ రాలేదు, ఇప్పుడు వచ్చింది. ఖిలా వరంగల్ అడ్రసుతో, తనకు తెలియని ఫోన్ నంబరుతో బోనయ్య అనే ఒక మనిషి రోజూ పొద్దున్నే ఒక ఆర్డర్ పెట్టేవాడు. అందరికన్నా ముందు ఆయనదే మోగేది. కొనేది కూడా ఒక్కటే వస్తువు, పూజకు కూర్చునే ఆసనం పట్ట. దుకాణంలో అన్నిటికన్నా చిన్న సరుకు. పార్సిల్ చేతికి వచ్చాక డబ్బిచ్చేవాడు. మొదట్లో శ్రావణికి నవ్వొచ్చింది. ఈ బోనయ్యకు ఎన్ని పూజలుంటాయో అనుకుంది. తర్వాత భయం పట్టుకుంది. ఎందుకంటే అదే రోజుల్లో ఆసనం పట్టల లెక్క తేడా కొట్టడం మొదలైంది. వెబ్‌సైట్ చెప్పే లెక్కకన్నా అటుక మీద ఎప్పుడూ ఎక్కువ పట్టలే ఉండేవి. తక్కువుంటే దొంగతనం అనుకోవచ్చు, ఎక్కువుంటే ఏమనుకోవాలి? సరి చేస్తే మళ్ళీ తప్పేది. ఎవడో తన సైట్‌లోకి చొరబడి లెక్కలు మారుస్తున్నాడని నమ్మింది. ఆన్‌లైన్ వ్యాపారులు మాట్లాడుకునే గ్రూపులో అడిగితే, రోజూ అదే సరుకు అదే మనిషి కొంటున్నాడంటే వాడే దొంగ, ఆపెయ్యమన్నారు. బాపు పోయే ముందు రోజు సాయంత్రం బోనయ్యను ఆపేసింది.

"ఎట్ల ఆపినవ్, చూపియ్యి," అంది దీప్తి.

చూపించింది. దీప్తి రెండు పేజీలు తిప్పి, నుదురు కొట్టుకుంది.

"అయ్యో నీ పాడుగాను. బోనయ్యను ఆపినంక 'ఇటువంటివి అన్నీ ఆపాలా' అని అడిగింది కదనే, నువ్వు అవును ఒత్తినవ్. పార్సిల్ అందినంక పైసలిచ్చే ఆర్డర్లన్నీ బంద్ అయినయ్. నేను ముందుగాలనే పైసలు కట్టిన గాబట్టి నాది పోయింది. నీ గిరాకీ అంతా చేతికిచ్చేటోళ్ళే గదా?"

"దగ్గర దగ్గర అందరు అదే."

"మరి ఎట్ల వస్తయ్ ఆర్డర్లు? తాళం నువ్వే వేసినవ్, గిరాకీ వస్తలేదని నువ్వే ఏడుస్తానవ్."

శ్రావణి ఊపిరి వదిలింది. ఎంత చిన్న పొరపాటు. సైట్ చావలేదు, జనం తనను మరిచిపోలేదు. ఒక్క మీట వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కాస్త వెలుగు కనబడింది. ఆ వెలుగు చూసి నాకూ ఇక్కడే ఆపేద్దామనిపించింది, నిజం చెబుతున్నాను.

"జర ఆగు," అంది దీప్తి. "ఈ బోనయ్య నిజంగ దొంగనా కాదా చూసినంకనే తియ్యాలె. అయితే మాత్రం అందరిని వదిలి వీనొక్కన్ని ఆపుదాం." ఆయన పాత ఆర్డర్లు ఒక్కొక్కటే తెరిచింది. చూస్తూ చూస్తూ నెమ్మదించింది. "శ్రావణీ, ప్రతి ఇంటి ఇంటర్‌నెట్‌కు ఒక నంబర్ ఉంటది. ఎవ్వలు ఆర్డర్ పెట్టినా ఏ నెట్ నుంచి పెట్టిండ్రో ఆ నంబర్ ఇక్కడ పడ్తది."

"ఆఁ?"

"నేనిప్పుడు మీ ఇంటి వైఫై మీద ఉన్న కదా. మీ ఇంటి నంబర్, బోనయ్య నంబర్ ఒక్కటే."

శ్రావణికి అర్థం కాలేదు. దీప్తి ఇంకో ఆర్డర్ తెరిచింది. మరొకటి తెరిచింది. అన్నీ ఆ ఇంట్లో నుంచే పోయాయి. ఖిలా వరంగల్ బోనయ్య ఏనాడూ ఖిలా వరంగల్‌లో కూర్చుని ఆర్డర్ పెట్టలేదు.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. శ్రావణి పెట్టలేదు. కళావతికి ఫోన్‌లో మాట్లాడటం తప్ప ఇంకేమీ రాదు.

శ్రావణి లేచి వంటింటి గడప దగ్గర నిలబడింది.

"అమ్మా, బోనయ్య ఎవ్వలు?"

మెంతికూర తెంపుతున్న చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ఏ బోనయ్య? నాకేం ఎరుక."

"ఆర్డర్లు మనింట్ల నుంచే పోయినయమ్మా. దీప్తి చూసింది. నాతోని అబద్ధమాడకు."

"నేనెందుకు అబద్ధమాడుత."

"మరి నా మొకం చూసి చెప్పు."

కళావతి చూడలేదు. ఆకులన్నీ ఒక పక్కకు, కాడలన్నీ ఒక పక్కకు జరిపింది. తర్వాత రెండూ కలిపేసింది. కొంగు తీసి మొహం తుడుచుకుని, తుడుచుకుంటూనే అంది.

"ఒట్టేయించుకున్నడే మీ బాపు. నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నడు. శ్రావణికి తెలిస్తే నా మీద ఒట్టు అన్నడు. ఇగ ఆయనే లేడు, ఆ ఒట్టు ఎవ్వల కోసం కాపాడాలె."

శ్రావణి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

"నువ్వు ఆ మాటన్న తెల్లారి కాంచే మొదలుపెట్టిండు. నీతోని పలుకుడు బంద్ చేసినోడు, పొద్దుగాల తానం చేసి దీపం పెట్టి, ఫోన్ పట్టుకొని కూసునేటోడు. ఒక్కొక్క అక్షరం ఏరుకుంట. ఏందయ్యా ఇది అంటే, నా దుకాణం సంగతి దేవుడెరుగు, బిడ్డ దుకాణం పొద్దుగాల ఉత్తగ ఉండొద్దు, ఎవ్వలన్న బోణీ చెయ్యాలె అనేటోడు. పేరు రాయమంటాంది, ఏం రాయాలె అని నన్నే అడిగిండు. నీ పేరు రాస్తే పట్టుకుంటది అన్న. నవ్విండు. బోణీ చేసే అయ్యను గదా, బోణీ అయ్య అని రాస్త అన్నడు."

ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పేరు. శ్రావణి దాన్ని బోనయ్య అని చదువుకుంది. మన ఊళ్ళలో బోనయ్యలు ఉంటారు, ఆమె తప్పేం లేదు. రోజూ పొద్దున్నే తెర మీద కనబడిన ఆ పేరును చదివి నవ్వుకుంది, తర్వాత అనుమానపడింది, తిట్టుకుంది. అది బోణీ అయ్య అని ఒక్కనాడూ తోచలేదు.

"మరి ఆ పట్టలు?" అని అడిగింది.

"ఖిలాల దోస్తు ఇంటికి పంపించుకునేటోడు. ఎవ్వలా దోస్తు అంటే చెప్పకపోతుండె. పార్సిల్ వచ్చిన దినం స్కూటర్ మీద పోయి తెచ్చి, నువ్వు లేంది చూసి అటుక మీద మళ్ళ పేర్చేటోడు. బయట అమ్ముకుంటే అమ్ముకో, మళ్ళ ఇంటికే తెస్తవెందుకయ్యా అంటే, బిడ్డ సరుకు బిడ్డకే ఉండాలె గదనే అనేటోడు."

శ్రావణి తలెత్తి అటుక వైపు చూసింది. ఆసనం పట్టలు పొందికగా, అంచుకు అంచు కలిపి పేర్చి ఉన్నాయి. అంత పొందికగా తను ఎప్పుడూ పేర్చలేదు. అది కూడా ఇన్నాళ్ళు చూడలేదు. ఒకసారి ఒక పట్టకు మూల దారం ఊడితే తనే ముడివేసి పంపింది. కొన్నాళ్ళకు ప్యాక్ చేస్తుంటే మళ్ళీ అట్లాంటి ముడే కనబడింది. మగ్గం మీద వాళ్ళు కూడా ఇట్లాగే ముడి వేస్తారు కాబోలు అనుకుంది. అది తన ముడే. తను పంపిన పట్ట ఖిలాకు పోయి, బాపు చేతుల మీద తన ఇంటికే వచ్చి, మళ్ళీ తన చేతుల్లో పడింది. లెక్క తప్పలేదు, దొంగ ఎవడూ లేడు. మాటలు లేని ఆ నెలల్లో తండ్రి ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు.

అప్పటికి ఆమెకు ఏడుపు రాలేదు. ఇంకోటి గుర్తొచ్చింది.

"అమ్మా. బాపు పోయిన పొద్దుగాల... ఆ దినం..."

"ఆ దినం పోలేదే," అంది కళావతి. ఇక ఆగేట్టు లేదు, కట్ట తెగింది. "ఎంత చేసినా ఆర్డర్ పోలె. తీసుకోం అని వస్తాందని అన్నడు. మళ్ళ చేసిండు, మళ్ళ చేసిండు. ఫోన్ బంద్ చేసి తెరిచి చేసిండు. చాయ్ పెడ్తే అట్లనే చల్లారిపోయింది. బిడ్డకు బోణీ కాలె కళా, బిడ్డకు బోణీ కాలె అనుకుంట ఇంట్ల అటిటు తిరిగిండు. నీ అర్ర దాకా వచ్చిండు గదా."

వచ్చాడు. శ్రావణికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ పూట ఆర్డర్లెందుకు రాలేదా అని తెర వైపు చూస్తోంది. గది గుమ్మంలో నీడ పడింది. బాపు. చేతిలో ఫోన్ ఉంది. ఏదో అడగాలన్నట్టు నిలబడ్డాడు. తను చూసింది, చూసీ చూడనట్టు తల దించుకుంది. ముందు ఆయనే పలకాలి అనుకుంది. నన్నెకసెక్కం చేసింది ఆయనే కదా, ముందు ఆయనే పలకాలి అనుకుంది. కాసేపటికి నీడ కదిలి వెళ్ళిపోయింది.

"నువ్వు తలెత్తలే," అంది తల్లి. నిష్ఠూరంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. "జర సేపు నిలబడి వచ్చిండు. దోస్తు ఫోన్ల పెట్టి చూస్త అని స్కూటర్ తీసిండు. ఇగ రాలె."

ఖిలా వరంగల్ ఎందుకు పోయాడో ఇన్నాళ్ళూ ఊరంతా అడిగింది. అదీ సంగతి. కూతురి దుకాణానికి బోణీ చేయడానికి పోయాడు.

"ఆపింది నేనేనమ్మా," అంది శ్రావణి. దాచుకోవచ్చు. దీప్తికి తప్ప ఎవరికీ తెలియదు. కానీ దాచుకునే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు. "ముందటి దినం పొద్దుమూకినంక నేనే ఆపిన. దొంగ అనుకొని ఆపిన. బాపు ఆర్డర్ పోకుండ చేసింది నేనే."

కళావతి కూతురి మొహం వైపు చాలాసేపు చూసింది. తిట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు. కింద పరచుకున్న మెంతాకులను అరచేత్తో ఒక్కచోటికి నెట్టుకుంటూ, మెల్లగా అంది.

"ఆ మాట నాకు చెప్పకపోతే మంచిగుండె బిడ్డా."

అప్పుడు ఏడ్చింది శ్రావణి. బాపు పోయిన రోజు నలుగురి ముందు ఏడ్చిన ఏడుపు వేరు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని, గడప చెక్క పట్టుకుని, శబ్దం రాకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. దీప్తి లేచి వచ్చి వెనక నిలబడింది కానీ ఏం చెయ్యాలో తోచక వెళ్ళి మళ్ళీ ల్యాప్‌టాప్ ముందే కూర్చుంది. ఈ పిల్లను ఇందులో నుంచి ఎట్లాగైనా తప్పిద్దామని నేనూ చూశాను. దారి దొరకలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గోపాల్ మామ వచ్చాడు.

"అక్కా," అంటూ లోపలికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు. "ఏమైంది? ఇంకెవ్వలకన్న ఏమన్న అయిందా?"

జవాబు కోసం చూడకుండా ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతి సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు.

"చూడు బిడ్డా, నాకు మాత్రం సంబురమా? బావ దుకాణమది. ఆ గద్దె మీద కూసొని నాకు లగ్గం బట్టలు కొనిచ్చిండు. కాని ఇల్లు నడవాలె గదా. కింద మనిషి నిలబడ్డడు, తాళం తీసి చూపియ్యాలె." చెయ్యి చాచాడు. "ఆర్డర్ ఏమన్న వచ్చిందా?"

శ్రావణి మొహం కడుక్కుని వచ్చింది. గోడ మేకుకు తాళాల గుత్తి వేలాడుతోంది. బాపు వేలాడదీసిన చోటే, ఆయన కట్టుకున్న ఎర్ర దారంతోనే. చెయ్యి చాచి అందుకుంది. ఇచ్చేద్దామనే అనుకుంది. ఏ మొహం పెట్టుకుని ఆ గద్దె మీద కూర్చుంటుంది? తాళాలు ఇవ్వకపోవడానికి ఇప్పుడు ఆమె దగ్గర మాట లేదు.

"శ్రావణీ," అని పిలిచింది దీప్తి. గొంతు అదోలా ఉంది. "గిటు రా ఒక్కసారి. మామా, జర ఆగుండ్రి."

"ఇంకేం చూపిస్తవే. ఇగ చాలు."

"రమ్మంటాన."

వెళ్ళింది. దీప్తి ఒక పేజీ తెరిచి ఉంచింది. సైట్ తిప్పి పంపించేసిన ఆర్డర్లన్నీ అందులో కనబడుతున్నాయి. అంతమంది వచ్చి పోయారా అని శ్రావణి నివ్వెరపోయింది. ఎక్కడెక్కడి వాళ్ళో. మధ్యలో బోనయ్య. ఆ పొద్దున వెంట వెంటనే ఎన్నిసార్లు ప్రయత్నించాడో వరుసగా ఉంది. ఆ వరుస చూడలేక శ్రావణి తల తిప్పుకుంది.

"అది కాదే. దాని కింద చూడు."

బాపు పోయిన మర్నాడు కూడా బోనయ్య పేరు ఉంది. దాని తర్వాతి పొద్దున కూడా. బాపును శ్మశానానికి తీసుకుపోయి వచ్చిన మర్నాడు, పిట్టకు పిండం పెట్టిన నాడు, పెద్దకర్మ నాడు. ఒక్క పొద్దున కూడా తప్పలేదు. ఆసనం పట్ట ఒకటి. సైట్ ప్రతిసారీ కాదని పంపించేసింది.

"ఇవి మీ ఇంటి నెట్ నుంచి పోలె," అంది దీప్తి. "బయటెక్కడి నుంచో. గిది చూడు, ఆఖరుది. ఇప్పుడే, మామ మెట్లెక్కుతుంటె."

శ్రావణి చేతిలో తాళాల గుత్తి గలగలమంది. ఆ ఖాతా తెరిచి ఉన్నది బాపు ఫోన్‌లోనే, అది లేకుండా ఆ పేరుతో ఎవరూ లోపలికి రాలేరు. బాపు ఫోన్ ఎవరి దగ్గరో ఉంది. ఆ ఎవరో రోజూ పొద్దున దాన్ని తెరిచి, ఆయన చేసిన పనే చేసి, మళ్ళీ మూసేస్తున్నారు.

"తీసెయ్యి," అంది. "ఆపిందంతా తీసెయ్యి."

"నువ్వే తియ్యి," అని దీప్తి పక్కకు జరిగింది.

శ్రావణి కూర్చుంది. ఆపిన చోటే, ఆపిన వేలితోనే, అడ్డు తీసేసింది.

ఏమీ జరగలేదు. మామ కుర్చీలో కదిలాడు. "ఎంతసేపు బిడ్డా, కింద మనిషి ఉన్నడు," అన్నాడు. కళావతి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు.

గంట మోగింది.

బాపు హారతి గంట. కళావతి రెండు చేతులూ తెలియకుండానే జోడించింది. గోపాల్ మామ లేచి నిలబడ్డాడు.

"వచ్చిందా? ఆర్డర్ వచ్చిందా బిడ్డా?"

శ్రావణి ఫోన్‌లో పేరు చూసింది. ఈసారి సరిగ్గానే చదివింది. బోణీ అయ్య. ఆసనం పట్ట, ఒకటి.

బాపు నంబర్ ఇన్నాళ్ళుగా స్విచాఫ్ అని చెప్పినా ఆమె వేళ్ళకు అది కంఠతా వచ్చు. నొక్కింది. స్పీకర్ మీద పెట్టింది. రింగవుతోంది. బాపు ఫోన్ ఎక్కడో, ఎవరి చేతిలోనో, బతికే ఉంది. ఒకసారి మోగింది, ఇంకోసారి మోగింది, ఎత్తారు.

ముందు ఊపిరి వినబడింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. శ్రావణి ఎన్నడూ వినని గొంతు, పెద్ద వయసు గొంతు.

"శ్రావణివేనా? బోణీ అయ్యిందా బిడ్డా?"

శ్రావణి తలూపింది, అవతలి మనిషికి కనబడదని కూడా తోచలేదు. కళావతే గడప దగ్గర నుంచి అంది, "అయ్యిందమ్మా. అయ్యింది."

అవతల ఆమె ఏడుస్తోందో, దేవుడికి మొక్కుకుంటోందో తెలియలేదు. తర్వాత గొంతు సవరించుకుంది.

"అట్లయితె ఇను బిడ్డా. నీ పట్టలు వచ్చేది నా ఇంటికే. ఆ దినం మీ బాపు నా ఇంటి ముందటనే పడ్డడు. ఆటో వచ్చిందాక నా ఒళ్ళెనే ఉన్నడు. నీకు చెప్పుమని ఒక్క మాట నాకు ఇచ్చిపోయిండు. ఇన్ని దినాలు నీకెందుకు చెప్పలేదంటవేమో. బోణీ అయినంకనే చెప్పుమన్నడు."